ఎదుగుదల ఆగాక పెరుగుదల

సందేహం: మా మావయ్యకి యాభై దాటాయి. నాలుగేళ్లలో ఆయన చెప్పుల సైజు 8 నుంచి 10కి వచ్చింది. పెళ్లినాటి ఉంగరం ఊడిరాక కంసాలి దగ్గర కోయించాం. పెద్దాసుపత్రిలో ‘అక్రోమెగలీ’ అన్నారు. ఓ పత్రికలో దీన్నే ‘అతికాయత్వం’ అని రాశారు. సరైన మాటేనా? గ్రోత్ హార్మోన్‌ని ‘ఎదుగుదల హార్మోన్’ అనాలా, ‘పెరుగుదల హార్మోన్’ అనాలా?
– ఓ పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం

సమాధానం: రెండో ప్రశ్నే ముందు తీసుకుంటాను, మొదటిదాని జవాబు అందులోనే ఉంది.

జుట్టు పెరుగుతుంది, గోళ్లు పెరుగుతాయి, పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల ధర పెరుగుతుంది. వీటిలో ఎక్కడైనా ‘ఎదిగింది’ పెట్టి చూడండి, వినేవాళ్లు నవ్వుతారు. ఎదగడానికి ఒక ఈడుంటుంది. ‘ఎదిగిన కొడుకు’ అంటాం, ‘పెరిగిన కొడుకు’ అనం. పెరగడానికి ఆ హద్దు లేదు.

మీ మావయ్య జబ్బంతా ఈ తేడాలోనే ఉంది. ఎముకల కొసల్లో ఎదిగే భాగాలు యౌవనం ముగిసేసరికి మూసుకుపోతాయి. ఆ తరవాత మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలో (పిట్యూటరీ), చాలావరకు ఓ చిన్న కణితి వల్ల, ఈ హార్మోన్ ఎక్కువైనా మనిషి పొడుగవడు. చేతులు, పాదాలు, దవడ, ముక్కు మందమెక్కుతాయి. ఎదుగుదల ఆగింది, పెరుగుదల ఆగలేదు. అందుకని ‘పెరుగుదల హార్మోన్’ అనండి. పిల్లల విషయంలో ఎవరైనా ‘ఎదుగుదల హార్మోన్’ అంటే తప్పుపట్టను.

‘అతికాయత్వం’ మాత్రం ఒప్పుకోను. అది వింటే రావణుడి కొడుకు అతికాయుడు కళ్లముందు నిలబడతాడు, కొండంత మనిషి. ఎముకలు మూసుకోకముందే హార్మోన్ ఎక్కువై తాడిచెట్టులా ఎదిగిపోయినవాడికి ఆ మాట నప్పుతుంది. మీ మావయ్యది వేరు. ఫ్రెంచి వైద్యుడు పియర్ మారీ 1886లో ఈ జబ్బుకి గ్రీకు మాటలతో పేరు కట్టాడు: ‘అక్రోన్’ అంటే కొస, ‘మెగాస్’ అంటే పెద్ద. అక్రోన్‌ని మన ‘అగ్రం’తో ముడిపెట్టాలని నాకూ చెయ్యి దురదపెట్టేది, కానీ దాని అసలు చుట్టం ‘చతురశ్రం’లో ఉన్న ‘అశ్రి’, అంటే అంచు. మెగాస్ మాత్రం మన ‘మహత్’కి తోబుట్టువే.

కొత్త సమాసం కట్టమని అడగకండి. కాగితం మీద అక్రోమెగలీ ఉండనివ్వండి. అత్తయ్యకి ‘కాళ్లూ చేతులూ పెద్దవయ్యే జబ్బు’ అని చెబితే చాలు. చుట్టాలెవరైనా ‘ఒళ్లు చేశాడు’ అంటే మాత్రం అక్కడికక్కడే దిద్దండి. ఒళ్లు చేస్తే ఉంగరం బిగుస్తుంది గాని, చెప్పు రెండు సైజులు పెరగదు.