మేలో చేపల ట్యాంక్ నీళ్లు 33 డిగ్రీలు దాటుతున్నాయా? చిల్లర్ కంటే ముందు ఫ్యాన్ సంగతి చూడండి

పాలకొల్లులో మూడడుగుల ట్యాంక్, టెట్రాలు, గప్పీలు ఉన్నాయన్నారు. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే మెషిన్) కొనాలా, ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డుతో హీటర్, ఫ్యాన్ రెండూ ఆటోమేట్ చేయాలా అని కదండీ మీ ప్రశ్న. మాది భీమవరం, ట్యాంక్ కూడా ఇంచుమించు మీ సైజే. ఈ చేపలకు చిల్లర్ దండగ ఖర్చు. గోల్డ్‌ఫిష్ అయితే వేరే మాట చెప్పేవాణ్ణి.

ఫ్యాన్ గాలికి నీళ్లు చల్లబడేది ఆవిరి వల్లే. 120 లీటర్ల నీళ్లలో ఒక డిగ్రీ తగ్గాలంటే సుమారు 200 మిల్లీలీటర్లు ఆవిరైపోవాలి. మన దగ్గర చిక్కల్లా ఉక్కపోతతోనే. గాలిలో అప్పటికే తేమ ఎక్కువుంటే ఆవిరి నెమ్మదిస్తుంది. తలుపులన్నీ బిగించుకుని ఫ్యాన్ పనిచేయట్లేదనే వాళ్లను చూశాను. కిటికీ తీసి ఉంచండి. ట్యాంక్ మూత తీసేసి దోమల జాలీ వేయండి, లేకపోతే గప్పీలు బయటికి దూకేస్తాయి. ఇంత చేసినా రోహిణి కార్తెలో మా ట్యాంక్ 29, 30 దగ్గరే ఆగుతుంది. నియాన్ టెట్రాలకు అది కాస్త ఇబ్బందే, మిగతావి లాగించేస్తాయి. తగ్గిన నీటికి బదులు బోరు నీళ్లు పోయకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులన్నీ ట్యాంక్‌లోనే ఉండిపోతాయి. ఆర్‌ఓ నీళ్లే పోయండి.

ఇక కంట్రోలర్, అంటే నీళ్ల వేడిని బట్టి ఫ్యాన్, హీటర్ వేసి ఆపే పెట్టె. నేను వాడేది ఎస్‌టీసీ-1000, 12 వోల్టుల మోడల్. ఎండ మండే వేళకే కరెంటు పోతుంది కాబట్టి కంట్రోలర్, కంప్యూటర్ ఫ్యాన్ రెండూ 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టాను. సెట్టింగ్ 28, తేడా 1 పెడితే 29కి ఫ్యాన్ వేసి 28కి ఆపుతుంది, 27కి హీటర్ వేసి 28కి ఆపుతుంది. కంప్రెసర్ డిలే (ఆగిన ఫ్యాన్ మళ్లీ తిరిగే ముందు ఆగే సమయం) ఒక్క నిమిషం చాలు. దాని రిలేలు ఉత్త స్విచ్‌లే, వాటికి సప్లై మనమే ఇవ్వాలి. హీటర్ వైపు 230 వోల్టులు కాబట్టి ఆ వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తో చేయించి, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి.

హీటర్ మన దగ్గర ధనుర్మాసం చలికి తప్ప పెద్దగా పనిలేదు. కానీ చేపల్ని చంపేది అదే. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే హీటర్ ఆగదు. అందుకే హీటర్‌కున్న సొంత థర్మోస్టాట్‌ను 29 దగ్గర పెట్టి ఉంచండి. నీళ్లు మార్చేటప్పుడు ప్రోబ్ (కంట్రోలర్‌కు వేడి తెలిపే సెన్సర్) బయటికి వచ్చినా ప్రమాదమే. గది చలిని చూసి కంట్రోలర్ నీళ్లను కాచేస్తూనే ఉంటుంది. ప్రోబ్‌ను సక్షన్ కప్పుతో అడుగుకి దగ్గరగా అతికించండి, చలికాలం వెళ్లగానే హీటర్ ప్లగ్ పీకేయండి.

ఎయిర్ పంప్‌ను మాత్రం ఏ కంట్రోలర్‌కీ కలపొద్దు, రాత్రీ పగలూ ఆడనివ్వండి. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా పడితే, 32 దగ్గర 7.3 మాత్రమే. తెల్లవారుజామున ఇంకా తక్కువ. మన రొయ్యల చెరువుల వాళ్లు ఆ వేళకే ఏరియేటర్లు తిప్పేది ఎందుకనుకున్నారు!

ఈఎస్‌పీ బోర్డు సరదా ఉంటే తప్పక పెట్టుకోండి. డీఎస్18బీ20 ప్రోబ్, 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ చాలు, వేడి పెరిగితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. చూసే పనికి అది భేష్. స్విచ్ వేసే పని మాత్రం వైఫై చేతిలో పెట్టకండి.