మా నాన్న తాగరు డాక్టర్ గారూ

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నకు 64 ఏళ్లు. ఆర్మీలో పద్దెనిమిదేళ్లు చేశారు. అందులో పన్నెండేళ్లు యూనిట్ బాక్సింగ్ టీమ్‌లో ఆడారు. ఒక్కసారి కూడా నాకౌట్ కాలేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. నాలుగేళ్లుగా మనిషి మారిపోతున్నారు. మాట ముద్దగా వస్తోంది. నడుస్తుంటే పక్కకు తూలుతున్నారు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పావుగంట పడుతోంది, నేను పెట్టబోతే చెయ్యి విదిలించి కొడుతున్నారు. పింఛను డబ్బులు అమ్మ దాచేస్తోందని అనుమానం. పోయిన నెల బాత్‌రూమ్‌లో జారిపడ్డారు కూడా. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. అయినా తాగి డ్యూటీకి వస్తున్నాడని సెక్యూరిటీ ఉద్యోగంలోంచి తీసేశారు. వీధిలోనూ అదే మాట. ఇది బాక్సింగ్ వల్లేనా? నాకౌటే కాని మనిషికి ఎలా వస్తుంది? మా బాబుకు పన్నెండేళ్లు. తాతయ్య గ్లౌజులు వేసుకుని కోచింగ్‌కు వెళ్తానంటున్నాడు. పంపమంటారా?
పేరు వద్దన్న పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, జారిపడ్డారన్న మాట చదవగానే మిగతాదంతా పక్కన పెట్టాను. పెద్దవయసులో పడితే పుర్రె లోపల సన్నని రక్తనాళం తెగి, వారాల తరబడి కొంచెం కొంచెంగా రక్తం చేరి మెదడును నొక్కవచ్చు. తూలడం, మాట తడబడటం, మతిమరుపు దానివల్లా వస్తాయి. ఆపరేషన్ చేసి తీసేస్తే చాలామంది తేరుకుంటారు. అందుకే పత్రిక వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేసి సీటీ స్కాన్ తీయించమన్నాను. మీరు మర్నాడే తీయించి ఫిల్మ్ పంపారు. రక్తం లేదు. ఆ భయం తీరింది.

ఫిల్మ్‌లో ఇంకొకటి కనిపించింది. మెదడు కుడి ఎడమల నడుమ ఉల్లిపొర లాంటి పొర ఒకటి ఉంటుంది. మీ నాన్నగారికి అది రెండుగా విడిపోయి, మధ్యలో నల్లటి సందు కనిపిస్తోంది. పుట్టుకతోనే ఇలా ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి దీన్ని బట్టే ఏమీ తేల్చలేం. కానీ ఇంగ్లండ్‌లో కోర్సెల్లిస్ అనే పాథాలజిస్టు, ఆయన సహచరులు కలిసి, అప్పటికే చనిపోయిన 15 మంది బాక్సర్ల మెదళ్లను పరీక్షించి 1973లో ప్రచురించినప్పుడు, ఎక్కువమందిలో ఈ పొర ఇలాగే విడిపోయి, చిరిగి ఉంది.

నాకౌట్ కాని మనిషికి ఎలా అన్నారు. మెదడు తాటిముంజలా మెత్తన. దవడ మీద పక్కనుంచి గుద్దు పడితే తల గిర్రున తిరుగుతుంది, లోపలి మెదడు దానితో సమంగా తిరగలేక రవ్వంత వెనకబడుతుంది. ఆ లాగుడుకు నూలుపోగు కన్నా సన్నని నరాల తీగలు సాగుతాయి. వాటి లోపలి కట్టడాన్ని నిలబెట్టేది టౌ అనే ప్రోటీన్. దెబ్బమీద దెబ్బ పడితే అది ఊడి, ఉండలు కట్టి, మెదడు మడతల అడుగున చిన్న రక్తనాళాల చుట్టూ పేరుకుంటుంది. ఆట మానేసిన ఏళ్లకు కూడా ఇది పాకుతూ పోతుంది. స్పృహ తప్పించేంత దెబ్బే కానక్కర్లేదు.

ఫోన్లో మీ నాన్నగారితో కూడా మాట్లాడాను కదా. వారానికి ఎన్ని రోజులు స్పారింగ్, అంటే సాధన కోసం ఎదురెదురుగా నిలబడి గుద్దుకోవడం, చేసేవారని అడిగాను. "నాలుగు రోజులు సార్. పోటీలుంటే ఐదు" అన్నారు. తల దిమ్మెక్కేదా అంటే, "అది మామూలే సార్. మొహాన నీళ్లు కొట్టుకుని మళ్లీ దిగేవాళ్లం" అన్నారు. పన్నెండేళ్లు ఇలాగే. పోటీలో తగిలిన దెబ్బలకు లెక్కుంది, కప్పులున్నాయి. స్పారింగ్‌లో తిన్నవి ఎవరు లెక్కపెట్టారు? పైగా పడిపోయిన వాడికి ఆ రోజుకు ఆట అయిపోతుంది. పడిపోని మీ నాన్నగారు నిలబడి మిగతా రౌండ్లు కూడా తిన్నారు.

1929 నుంచి 1955 దాకా బ్రిటన్‌లో లైసెన్సు తీసుకున్న ప్రొఫెషనల్ బాక్సర్లలోంచి రాబర్ట్స్ అనే డాక్టరు 250 మందిని ఎంచి, 224 మందిని స్వయంగా పరీక్షించాడు. 1969లో ఆయన ప్రచురించిన లెక్క ప్రకారం వారిలో 17 శాతం మందికి నాడీవ్యవస్థ దెబ్బతింది. ఎక్కువ ఏళ్లు, ఎక్కువ పోటీలు ఆడినవారిలో ఇంకా ఎక్కువ. మీ నాన్నగారిలా అమెచ్యూర్‌గా, అంటే వృత్తిగా కాకుండా ఆడినవారికి ముప్పు అంతకంటే తక్కువే. కానీ లేకపోలేదు.

ఇక తాగుడు మాట. ఇది నన్ను బాగా బాధపెట్టింది. 1928లో అమెరికాలో న్యూజెర్సీకి చెందిన హారిసన్ మార్ట్‌లాండ్ అనే పాథాలజిస్టు గుద్దుల వల్ల వచ్చే ఈ మెదడు జబ్బు గురించి మొదటిసారి వైద్య పత్రికలో రాసినప్పుడు పెట్టిన పేరు 'పంచ్ డ్రంక్'. ఆ మాట ఆయన పుట్టించింది కాదు, రింగ్ చుట్టూ చేరే జనం నోట్లోది. గుద్దులతో తాగినట్టు అయినవాడని అర్థం. దాదాపు వందేళ్ల క్రితం అక్కడి జనం అన్నదే ఈరోజు మీ వీధి అంటోంది. నేను పీజీ చేసేటప్పుడు ఒక రాత్రి ఇలాగే తూలుతూ వచ్చిన మాజీ బాక్సర్ కేస్ షీట్ మీద, వాసన కూడా చూడకుండా మద్యం అని రాసేశాను. ఆయన భార్య నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆ మాట కొట్టెయ్యండి బాబూ, ఆయన తాగరు" అని నిలబడింది. కొట్టేశాను. ఇరవై ఐదేళ్లు దాటినా ఆవిడ చీర రంగు కూడా గుర్తుంది.

కాబట్టి మీకు న్యూరాలజిస్టు ఇవ్వాల్సిన మొదటి కాగితం మందుల చీటీ కాదు. మాట, నడక దెబ్బతిన్నది నాడీ జబ్బు వల్ల, మద్యం వల్ల కాదు అని సంతకం, స్టాంపుతో సర్టిఫికెట్ అడగండి. దాన్ని ఆ సెక్యూరిటీ వాళ్లకు చూపించండి. ఆ డ్యూటీ ఇక ఆయన చేయలేకపోవచ్చు. పేరైనా శుభ్రపడాలి.

జబ్బు పేరు సీటీఈ అంటే క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి (తలకు పదేపదే తగిలిన దెబ్బలతో ఏళ్ల తరబడి ముదిరే మెదడు జబ్బు) అయి ఉండొచ్చని నా అనుమానం. అనుమానమనే అంటున్నాను, ఎందుకంటే మనిషి పోయాక మెదడును పరీక్షిస్తే తప్ప ఇది ఖాయంగా తేలదు. నయం చేసే మందు ఇప్పటికైతే లేదు. అలాగని చేతులు ముడుచుకోవద్దు. ఎంఆర్‌ఐ, బి12, థైరాయిడ్, షుగర్, చెవి పరీక్ష చేయించండి. డిప్రెషన్ ఉందేమో చూపించండి. వీటిలో ఏది దొరికినా వైద్యం ఉంది. బొత్తాల దగ్గర వేళ్లు మొరాయిస్తున్నాయంటే పార్కిన్సన్స్ లక్షణం కావచ్చు. దానికిచ్చే లెవోడోపా అనే మందు కొందరికి కొంత పనిచేస్తుంది. కోపం తగ్గడానికని మందుల షాపులో అడిగి మాత్రలు వేయకండి, వాటిలో కొన్ని ఒళ్లు ఇంకా బిగుసుకుపోయేలా చేస్తాయి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకోండి. ఎప్పుడైనా బతుకు మీద విరక్తి మాట ఆయన నోట వస్తే తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

డబ్బులు దాచిందన్న మాటకు అమ్మగారు ఎదురు వాదించొద్దు. పాస్‌బుక్ ఆయన తలగడ కిందే పెట్టండి. చొక్కాలకు బొత్తాలు తీసేసి అంటుకునే వెల్క్రో కుట్టించండి, పైన ఉత్తుత్తి బొత్తాలు ఉంచితే బయటికి తెలియదు. ఆయన విదిలించేది మీ చేతిని కాదమ్మా, తన చేతగానితనాన్ని. మతిమరుపు సంగతికొస్తే, అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్ 1956లో హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1998లో న్యూయార్క్ రాష్ట్రంలో బాక్సింగ్ వ్యవహారాలు చూసే అథ్లెటిక్ కమిషన్ చైర్మన్‌గా ఉండగా, లాయర్లు అడిగితే ఆ టైటిల్ ఎవరిని ఓడించి గెలిచాడో చెప్పలేకపోయాడు. పదవి వదులుకున్నాడు. మీ నాన్నగారికి ఇంకా అన్నీ గుర్తున్నాయి, ప్రత్యర్థుల పేర్లతో సహా. అడిగి రాసుకోండి.

బాబు సంగతి. 2022లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు నేనూ టీవీ ముందు లేచి నిలబడ్డాను, ఆట మీద నాకు కోపం లేదు. కానీ పన్నెండేళ్ల తలకు గుద్దు వద్దు. హెడ్‌గార్డు ఉందిగా అంటారు కోచ్‌లు. అది కనుబొమ్మ చిట్లకుండా కాపాడుతుంది, తల గిర్రున తిరగకుండా ఆపలేదు. స్కిప్పింగ్, పంచ్‌బ్యాగ్, కాళ్ల కదలిక, ఇవి చాలు. ఎదుటివాడు తల మీద కొట్టే స్పారింగ్ వద్దని కోచ్‌కు ముందే చెప్పండి, ఒప్పుకోకపోతే మాన్పించండి.

కాళ్ల కదలిక మాత్రం తాతయ్యే నేర్పగలరు. పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఎడమ కాలు ముందుకు" అని ఆయన చేత చెప్పించండి. తూలకుండా చేయగల పని అది.