జెనెటిక్ కౌన్సెలర్ అవుతానన్న చిట్టికి

చిట్టీ,

ఆశీస్సులు. డిగ్రీ అయ్యాక జెనెటిక్ కౌన్సెలింగ్ చదువుతానని నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి కుటుంబాలకు వివరించి చెప్పే ఈ పని ఇన్నేళ్ళుగా హైదరాబాదులో చేస్తున్నా, మన ఇంట్లో ఇంత శ్రద్ధగా దీని గురించి అడిగింది నువ్వే.

చదువు సంగతి ముందు చెప్పేస్తాను. జీవశాస్త్రంలో డిగ్రీ ఉంటే చాలు. నర్సింగో ఎంబీబీఎస్సో చేసి ఇటు వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆపైన జెనెటిక్ కౌన్సెలింగ్‌లో రెండేళ్ళ ఎమ్మెస్సీ. మణిపాల్ కస్తూర్బా మెడికల్ కాలేజీలో ఉంది. ఎక్కడ చేరినా ముందు ఒక్కటే అడుగు: ఓపీలో వారానికి ఎన్ని రోజులు కూర్చోబెడతారని. ల్యాబులో డీఎన్ఏ తియ్యడం నేర్పే కోర్సూ మంచిదే, కానీ అది వేరే ఉద్యోగం. చదువయ్యాక బోర్డ్ ఆఫ్ జెనెటిక్ కౌన్సెలింగ్ ఇండియా సర్టిఫికెట్ తెచ్చుకో. అమెరికా వెళ్ళాలనుంటే మాత్రం అక్కడ గుర్తింపున్న మాస్టర్సే చెయ్యి. ఈ చదువు మొదలైందీ అక్కడే, 1969లో, న్యూయార్క్ రాష్ట్రంలోని సారా లారెన్స్ కాలేజీలో.

ఇక పని. వచ్చినవాళ్ళ వంశవృక్షం గియ్యడంతో మొదలవుతుంది, కనీసం మూడు తరాలు. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం, దగ్గరి సంబంధమైతే భార్యాభర్తల మధ్య జంట గీత. "మీది మేనరికమా?" అని అడిగితే "కాదండీ" అనేవాళ్ళు చాలామంది. అబద్ధమాడరు. కొందరి లెక్కలో సొంత మేనమామను చేసుకుంటేనే మేనరికం. అందుకని నేను, "పెళ్ళికి ముందు ఆయన్ని ఏమని పిలిచేదానివమ్మా?" అంటాను. "బావా అని" అంటుంది. ఎవరి తరఫు బావ అని అడిగితే చాలు, మిగతా కథంతా తనే చెబుతుంది.

అలాగని మేనరికం మాట ఎత్తి ఎవర్నీ బెదరగొట్టకు. ఏ జంటకైనా బిడ్డ పుట్టుకతో లోపంతో పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. బావామరదళ్ళయితే దానికి మరో రెండు మూడు కలుస్తాయి. మేనమామ, మేనకోడలైతే ఇంకాస్త ఎక్కువ. అంకె ఉన్నదున్నట్టు చెప్పు.

అంకె చెప్పడం గురించి నాకు జరిగింది రాస్తాను. కొత్తలో ఒక జంట వచ్చారు. వాళ్ళ పాపకు థలసీమియా మేజర్, అమ్మానాన్నల నుంచి వచ్చే రక్తం జబ్బు; మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లు, అంటే జబ్బు జన్యువు ఒక్కటి మోస్తూ తాము మాత్రం బాగానే ఉండేవాళ్ళు. "నలుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంది" అని చెప్పి పంపాను. రెండేళ్ళకు చంకలో ఇంకో బిడ్డతో వచ్చారు. ఆ బిడ్డకూ అదే జబ్బు. "నలుగురిలో ఒకరికన్నారు కదమ్మా, ఆ ఒకరూ అయిపోయారనుకున్నాం" అన్నాడా తండ్రి. తప్పు ఆయనది కాదు, నాది. అంకె చెప్పాను గానీ, అది వాళ్ళకెలా అర్థమైందో అడగలేదు.

అప్పటినుంచి నా బల్ల మీద రెండు రూపాయి బిళ్ళలుంటాయి. ఒకటి తల్లి చేతికి, ఒకటి తండ్రి చేతికి ఇస్తాను. బొమ్మ అంటే జబ్బు జన్యువు. రెండూ బొమ్మ పడితే బిడ్డకు జబ్బు, ఒకటే పడితే వాళ్ళలాగే క్యారియర్, రెండూ బొరుసైతే ఏమీ లేదు. కాన్పు కాన్పుకూ మళ్ళీ ఎగరెయ్యాల్సిందే. కిందటిసారి ఏం పడిందో బిళ్ళకు గుర్తుండదు. అత్తగారు వెంట వస్తే ఆవిణ్ణీ లోపలికి పిలుస్తాను. కొడుకు చేతి బిళ్ళ కూడా బొమ్మ పడితేనే జబ్బని ఆవిడ కళ్ళారా చూడాలి. ఆ కోడలు ఎన్ని మాటలు పడి నా గదిదాకా వచ్చిందో మనకు తెలియదు.

గర్భంతో వచ్చేవాళ్ళ విషయంలో వారాలు లెక్క కట్టడం బాగా అలవాటు చేసుకో. మాయ నుంచి ముక్క తీసే పరీక్ష పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య, ఉమ్మనీరు తీసేది పదహారు దాటాక. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది వాళ్ళ నిర్ణయం. "మీ అమ్మాయే అయితే ఏం చేస్తారు మేడమ్?" అని చెయ్యి పట్టుకుని అడుగుతారు. జవాబు నోటిదాకా వస్తుంది. చెప్పకు. ఇంకో పది నిమిషాలు వాళ్ళతో కూర్చో. ఆడో మగో మాత్రం మాటతో గానీ సైగతో గానీ తెలియనివ్వకూడదు. గర్భంలో లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టంలో సైగ అన్న మాటా ఉంది.

సెలవులకు రా, వారం రోజులు నా గదిలో కూర్చుని చూద్దువుగాని. వచ్చేముందు మన ఇంటి వంశవృక్షం గీసి పట్టుకురా. అమ్మమ్మ, తాతయ్యలది మేనరికమే, జంట గీత మరిచిపోకు. నాకంటే ముందు పుట్టి పోయిన ఇద్దరు పిల్లల సంగతి అమ్మమ్మను నేను ఇంతవరకూ అడగలేకపోయాను. నువ్వు అడుగు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో ఒక్కతే కూర్చుంటుంది. పెన్నూ కాగితం లేకుండా వెళ్ళు.

మీ పెద్దమ్మ