డిక్కీలో ఏముందో తెలీదంటే కోర్టు నమ్ముతుందా?

మీ ప్రశ్న ఇది: మీ బావమరిది కారు కిరాయికి తిప్పుతాడు. పాడేరులో ఇద్దరిని ఎక్కించుకుని చోడవరం మీదుగా విశాఖ వస్తుంటే పోలీసులు ఆపారు. డిక్కీలో వాళ్ల సంచుల్లో 28 కిలోల గంజాయి దొరికింది, వాళ్లిద్దరూ పారిపోయారు, ఇతను దొరికాడు. "లోపల ఏముందో తెలియని మనిషి మీద నేరం ఎలా నిలుస్తుంది?" అని అడిగారు.

నిజంగా తెలియకపోతే నిలవకూడదు. అయితే తెలుసని పోలీసులు రుజువు చేయాలా, తెలియదని ముద్దాయి రుజువు చేసుకోవాలా అన్నదాని మీదే ఇలాంటి కేసు మొత్తం నడుస్తుంది. ఇక్కడ చాలామంది "ఉద్దేశం లేదు కాబట్టి నేరం లేదు" అని ఒక్క ముక్కలో సమాధానం రాసేస్తారు. అది చదివి ధైర్యంగా కూర్చున్న కుటుంబం ఆరు నెలల తర్వాత ఏడుస్తుంది.

నేరానికి మనసులో ఏముండాలన్న దాంట్లో ఉద్దేశం ఒక మెట్టు మాత్రమే. భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి (సెక్షన్ 303) దురుద్దేశం ఉండాలి. దొంగ సొత్తు పుచ్చుకోవడానికి (317) అది దొంగ సొత్తని తెలిసి ఉండాలి, లేదా అలా అనుమానించడానికి గట్టి కారణమైనా ఉండాలి. నిర్లక్ష్యంగా మనిషి చావుకు కారణమైతే (106) ఉద్దేశంతోనే పని లేదు, అయినా 5 ఏళ్ల దాకా జైలు. బీచ్ రోడ్డులో తాగి బండి నడిపి గుద్దినవాడు "మత్తులో ఉన్నాను, తెలీలేదు" అన్నా లాభం లేదు. తనంతట తాను తాగినవాడికి, తాగకపోతే ఎంత తెలిసేదో అంతా తెలిసినట్టే సెక్షన్ 24 లెక్కేస్తుంది. కాబట్టి ముందు ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ రాశారో చూడండి. ఆ సెక్షన్ ఏ మెట్టు అడుగుతుందో తెలియకుండా వాదన మొదలుపెట్టకూడదు.

రెండో సంగతి, "తెలియదు" రెండు రకాలు. సంచిలో ఏముందో తెలియకపోవడం ఒకటి, అది నేరమని తెలియకపోవడం మరొకటి. రెండోది పనికిరాదు. ఎంత పనికిరాదో ఎం.హెచ్. జార్జ్ కేసు చూస్తే అర్థమవుతుంది. 1962 నవంబరు 27న ఒక జర్మన్ దేశస్థుడు జ్యూరిచ్‌లో మనీలా విమానం ఎక్కాడు. వేసుకున్న జాకెట్ లోపల వరసగా కుట్టిన అరల్లో 34 కిలోల బంగారం. మర్నాడు విమానం బొంబాయిలో ఆగింది. అతను దిగనే లేదు, సీట్లోనే కూర్చున్నాడు. బొంబాయి మీదుగా వెళ్లే బంగారాన్ని కూడా విమానం సరుకు జాబితాలో చూపించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన కొత్త నిబంధన గెజిట్‌లో అచ్చయింది నవంబరు 24న, అంటే అతను బయల్దేరడానికి మూడు రోజుల ముందు. జ్యూరిచ్‌లో ఉన్నవాడికి ఢిల్లీ గెజిట్ ఎలా తెలుస్తుంది? హైకోర్టు వదిలేసింది. 1964లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జిల మెజారిటీతో శిక్ష ఖాయం చేసింది, అప్పటికి అనుభవించిన జైలుతో సరిపెట్టింది. స్మగ్లింగ్ ఆపడానికి చేసిన చట్టంలో ప్రతివాడి మనసులోకీ తొంగిచూస్తూ కూర్చుంటే చట్టం పనిచేయదని మెజారిటీ వాదన.

ఒప్పుకోని మూడో జడ్జి మన రాజమండ్రి మనిషి, కోకా సుబ్బారావు గారు. నేర మనస్తత్వం (తెలిసి, కావాలని చేయడం) అక్కర్లేదని చట్టం స్పష్టంగా చెబితే తప్ప, అది లేనివాణ్ణి శిక్షించకూడదని ఆయన రాశారు. తర్వాత నాథూలాల్ కేసులో, లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, వచ్చేస్తుందన్న నమ్మకంతో గోధుమలు నిల్వ చేసిన వ్యాపారిని ఇదే సూత్రం మీద వదిలిపెట్టారు. నా దృష్టిలో సుబ్బారావు గారిదే సరైన దారి. గంజాయి చట్టం మాత్రం ఆ దారిలో నడవలేదు.

గంజాయి లాంటి మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 35 ప్రకారం ముద్దాయికి నేర మనస్తత్వం ఉందనే కోర్టు అనుకోవాలి. లేదని అతనే రుజువు చేసుకోవాలి, అదీ సందేహానికి తావు లేకుండా. మామూలు కేసుల్లో ముద్దాయి భారం ఇంత బరువుగా ఉండదు. ఒకే ఒక్క ఊరట ఏమిటంటే, 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, సరుకు అతని స్వాధీనంలో ఉందన్న పునాది ముందు పోలీసులే వేయాలి. ఆ తర్వాతే భారం ఇటు తిరుగుతుంది. గంజాయి 20 కిలోలు దాటింది కాబట్టి శిక్ష 10 నుంచి 20 ఏళ్లు, జరిమానా లక్ష నుంచి 2 లక్షలు. సెక్షన్ 37 వల్ల బెయిలు చాలా కష్టం.

మనసులో ఏముందో ఎవరూ చూడలేరు, ముందూ వెనకా ఏం చేశాడో చూస్తారు. కిరాయి మామూలు రేటేనా, మూడింతలా? మూడింతలైతే కేసు సగం పోయినట్టే. ఆ ఇద్దరితో అంతకు ముందు ఫోన్ మాటలున్నాయా? చెక్‌పోస్టు తప్పించి అడ్డదారిలో వచ్చాడా? ఆపమంటే ఆపాడా? ఘాట్ రోడ్డు మీద 28 కిలోల ఎండు గంజాయి వాసన రాలేదా అని తప్పకుండా అడుగుతారు. సంచులకు టేపు ఎలా చుట్టారో పంచనామాలో ఉంటుంది, దాని నకలు తెచ్చుకోండి.

ఈ వారమే చేయాల్సింది సాక్ష్యం కాపాడుకోవడం. బుకింగ్ ఎవరి ద్వారా వచ్చిందో ఆ మనిషి, ఆ మెసేజ్, అడ్వాన్సు ఫోన్‌పేలో పడితే ఆ వివరం, పెట్రోల్ బంకు బిల్లు, దారిలో టీ తాగిన చోట కెమెరా. కెమెరాల్లో కొన్ని వారాలకే పాతదాని మీద కొత్తది పడిపోతుంది, అందుకే భద్రపరచమని రాతపూర్వకంగా అడగండి. ఫోన్ ఇంకా మీ దగ్గరే ఉంటే అందులో ఏదీ చెరపొద్దు. మెసేజ్‌ల ప్రింట్లు తీసుకెళ్తే చాలదు, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి. కాల్ రికార్డులు కోర్టు ద్వారా తెప్పించమని లాయరు పిటిషన్ వేయాలి.

ఎక్కువ కేసులు ఎక్కడ చెడతాయో చెబుతాను. బెయిల్ పిటిషన్‌లో "మావాడు అసలు ఆ కారులోనే లేడు, ఇంట్లోంచి పట్టుకెళ్లారు" అని రాస్తారు. విచారణకు వచ్చాక "కారు నడిపాడు గానీ సంచుల్లో ఏముందో తెలీదు" అంటారు. రెండూ కలిసి బతకవు. సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్‌లోనూ ముద్దాయి చివరి వాంగ్మూలంలోనూ మొదటి రోజు చెప్పిన మాటే ఉండాలి. అలవాటు కొద్దీ అన్నీ కాదనే లాయర్ల వల్ల నిజంగా ఏమీ తెలియని డ్రైవర్లు లోపల ఉండిపోతున్నారు, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. స్టేషన్‌లో సంతకం పెట్టించుకున్న ఒప్పుకోలు గురించి మాత్రం కంగారు పడొద్దు, పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు.

చార్జిషీటు తేదీ గుర్తుపెట్టుకోండి. ఈ పరిమాణానికి గడువు 180 రోజులు. ప్రాసిక్యూటర్ కారణాలు చూపితే ఏడాది దాకా పొడిగించవచ్చు. పొడిగింపు లేకుండా గడువు దాటితే, చార్జిషీటు పడేలోపే బెయిల్ దరఖాస్తు వేయాలి. చార్జిషీటు ముందు పడిపోతే ఆ హక్కు పోతుంది.

కారు మీ పేరు మీద ఉంటే అది వేరే పిటిషన్. ఎన్‌డీపీఎస్ సెక్షన్ 60(3) ప్రకారం మీకూ నడిపినవాడికీ తెలియదని, తగిన జాగ్రత్తలు తీసుకున్నారని చూపిస్తేనే జప్తు తప్పుతుంది. ఈలోగా బండి తాత్కాలికంగా విడిపించుకోవడానికి అడ్డేమీ లేదని 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు జతచేసి, ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫైనాన్సు కాగితాలతో వేయండి.