రచయితకి తెలియకుండానే ప్రభుత్వం అతని చేత రాయించుకోగలదా?

రాయించుకోవాల్సిన పనే లేదండీ. రచయిత తనకి తోచిందే రాస్తాడు. అచ్చుకీ పారితోషికానికీ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకపోతే చాలు.

కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే రచయితల, మేధావుల సంస్థనే తీసుకోండి. 1950లో బెర్లిన్‌లో పుట్టింది, ఆఫీసు పారిస్‌లో. రోజువారీ వ్యవహారం చూసే మైకేల్ జోసెల్సన్ అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మనిషి. 1953లో లండన్‌లో మొదలైన ‘ఎన్‌కౌంటర్’ పత్రిక దాని చలవే. 1955లో బొంబాయి నుంచి వచ్చిన ‘క్వెస్ట్’ కూడా ఆ సంస్థ భారత శాఖదే.

సీఐఏ తన పేరు మీద చెక్కు రాసేది కాదు. ముందు ఉత్తుత్తి ఫౌండేషన్ ఒకటి పెట్టేది. ఫార్‌ఫీల్డ్ ఫౌండేషన్ అలాంటిదే. నమ్మకం కుదరాలని దానికి అధ్యక్షుడిగా జూలియస్ ఫ్లైష్‌మన్ అనే అసలైన కోటీశ్వరుణ్ణి కూర్చోబెట్టారు. ఒక్కోసారి మధ్యలో నిజంగానే విరాళాలిచ్చే ఫౌండేషన్ ఇంకొకటి ఉండేది. సొమ్ము అందులో కలిశాక ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. ఈ గుట్టు బయటపడింది గూఢచారుల వల్ల కాదు, పన్ను లెక్కల వల్ల. 1964లో రైట్ పాట్‌మన్ అనే అమెరికా కాంగ్రెస్ సభ్యుడు పన్ను మినహాయింపులు తవ్వుతుంటే, కాప్లాన్ ఫండ్ అనే విరాళాల సంస్థలోకి సీఐఏ సొమ్ము మోసిన ఎనిమిది ఫౌండేషన్లు దొరికాయి.

మరి ఒత్తిడి ఎక్కడ పడుతుంది? రాసినదాని మీద కాదు, వేయనిదాని మీద. 1958లో డ్వైట్ మెక్‌డొనాల్డ్ అమెరికా జీవితాన్ని ఎండగడుతూ ‘ఎన్‌కౌంటర్’కి ఒక వ్యాసం పంపాడు. ఆయన ఎవరో కాదు, అంతకు ముందు అక్కడే సహ సంపాదకుడిగా చేసినవాడు. వేస్తామన్నారు. పారిస్ ఆఫీసు నుంచి అభ్యంతరం వచ్చింది, వెనక్కి ఇచ్చేశారు. చివరికి అది ‘డిసెంట్’ అనే వేరే పత్రికలో వచ్చింది. అదే ‘ఎన్‌కౌంటర్’ సోవియట్ అణచివేత మీద మాత్రం ధారాళంగా వేసేది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ ఆ చెయ్యి కనబడదు.

నచ్చని రచయితనల్లా ‘అమ్ముడుపోయాడు’ అనేయడం నాకు ఒళ్లుమంట. ‘ఎన్‌కౌంటర్’ సంపాదకుడు స్టీఫెన్ స్పెండర్ సీఐఏ సొమ్ము సంగతి తనకి తెలియదంటూనే 1967లో రాజీనామా చేశాడు. సోవియట్ ప్రభుత్వ సంస్థ మాస్కో ప్రగతి ప్రచురణాలయం పుస్తకాల మీద ఆ పేరు అచ్చయ్యే ఉండేది, పాఠకుడు తెలిసే కొనుక్కున్నాడు. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకండి.

ఒక పత్రిక మీద అనుమానం ఉంటే మూడు చూడండి. చందాలూ ప్రకటనలూ కలిపినా అచ్చు ఖర్చుకి చాలుతున్నాయా? దాత ఆ పత్రిక పుట్టకముందు ఇంకెవరికైనా ఇచ్చాడా? పదేళ్ల సంచికల్లో ఏ ప్రభుత్వం మీద ఒక్క ఘాటైన వ్యాసం కూడా లేదు? మూడోదానికి ఓపిక కావాలి, పాత సంచికలు వరసగా తిరగెయ్యాలి.