సిడ్నీ నుంచి కెయిర్న్స్‌కి బయల్దేరబోయే చిట్టికి

చిట్టీ,

లాటరీలో నీ పేరు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసేసరికి నేను నైట్ డ్యూటీ దిగి ఇంటికి వస్తున్నాను. మన దేశం మొత్తానికి ఏడాదికి వెయ్యి వీసాలు, అదీ 18 నుంచి 30 ఏళ్ళ వాళ్ళకే. ఆస్ట్రేలియాలో తిరుగుతూ పని కూడా చేసుకోనిచ్చే ఈ 462 వీసా మనవాళ్ళకి 2024లోనే మొదలైంది, మా రోజుల్లో లేదు. ఉంటే మీ అమ్మా నేనూ ఇద్దరం అప్లై చేసేవాళ్ళం.

ఒక్కదాన్నే, ప్రయాణికులు మంచం అద్దెకి తీసుకునే హాస్టళ్ళలో ఉంటూ తీరం వెంట తిరగొచ్చా అని అడిగావు. తిరగొచ్చు తల్లీ. నేను సిడ్నీ నుంచి కెయిర్న్స్ దాకా వీపున సంచి వేసుకుని ఒంటరిగా వెళ్ళినప్పుడు నాకు 49 ఏళ్ళు. ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. డబ్బు ఎక్కడ మిగుల్చుకోవాలో, ఎక్కడ లెక్క చూడకుండా పెట్టెయ్యాలో ముందే తెలిసుండాలి. హాస్టళ్ళలో కనిపించే పిల్లలు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. తాగుడుకి ఖర్చుపెట్టి, ఇన్సూరెన్స్ దగ్గర మిగుల్చుకుంటారు.

ముందు దూరం సంగతి. మ్యాప్‌లో బ్రిస్బేన్, కెయిర్న్స్ రెండూ ఒకే రాష్ట్రంలో పక్కపక్కన ఉన్నట్టే ఉంటాయి. మధ్యలో దూరం 1,700 కిలోమీటర్లు, అంటే విజయవాడ నుంచి ఢిల్లీ వెళ్ళినంత. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. సిడ్నీ నుంచి బ్రిస్బేన్ ఇంకో 900 పైన. అందుకని రెండు రోజులకో ఊరు చొప్పున ప్లాన్ వేసుకోకు. ఐదారు చోట్లు పెట్టుకో, ఒక్కోచోట కనీసం నాలుగు రాత్రులు ఉండు. వారానికి తీసుకుంటే చాలా హాస్టళ్ళు రేటు తగ్గిస్తాయి, బస్సు ఖర్చూ కలిసొస్తుంది. గ్రేహౌండ్ బస్సులకు రోజుల లెక్కన పాసులుంటాయి, విడివిడి టికెట్ల కన్నా అవి నయం. క్వీన్స్‌లాండ్‌లో అడుగుపెట్టాక సిటీ బస్సు, లోకల్ రైలు ఏదెక్కినా 50 సెంట్లే. బ్రిస్బేన్‌లో నదిలో తిరిగే ఫెర్రీకీ అంతే. సాయంత్రం పూట ఒకసారి ఎక్కి చివరిదాకా వెళ్ళిరా.

జూన్ చివర్లో సిడ్నీలో బయల్దేరి ఉత్తరానికి వెళ్ళు. ఇక్కడ అప్పుడు చలికాలం, పైకి వెళ్ళేకొద్దీ వెచ్చబడుతుంది. హంప్‌బ్యాక్ తిమింగలాలు కూడా ఆ నెలల్లోనే ఉత్తరానికి వెళ్తాయి. బైరన్ బే లైట్‌హౌస్ దగ్గర కొండ మీద కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి తూర్పు కొస అదే.

హాస్టల్ గదుల్లో మంచం ఊరిని బట్టి రాత్రికి 40 నుంచి 60 డాలర్లు పడుతుంది, సెలవుల్లో ఇంకా పెరుగుతుంది. ఆడవాళ్ళకే వేరుగా గదులు చాలాచోట్ల ఉంటాయి, మీ అమ్మకి ముందు ఆ మాట చెప్పు. గదిలోకి వెళ్ళగానే సంచి మంచం మీద పెట్టకు. పరుపు మూల ఎత్తి, కుట్ల వెంట ఫోన్ లైటు వేసి చూడు. మిరియపు పొడి రాలినట్టు నల్లటి చుక్కలుంటే నల్లులున్నట్టే. మొహమాటపడకుండా రిసెప్షన్‌కి వెళ్ళి గది మార్చమను. పొద్దున్నే బస్సు ఉంటే రాత్రే అన్నీ సర్దేసుకో. తెల్లవారుజామున నాలుగింటికి ప్లాస్టిక్ కవర్ల చప్పుడు చేస్తే ఎనిమిది మంది నిద్ర పాడవుతుంది.

ఇంకొక్కటి తప్పకుండా చెయ్యి. మంచం చూసుకున్నాక బయటికి వెళ్ళే దారి చూసుకో. లైట్లు లేకపోయినా వెళ్ళగలవో లేదో ఒకసారి నడిచి చూడు. క్వీన్స్‌లాండ్‌లో చిల్డర్స్ అని చిన్న ఊరుంది, నువ్వు వెళ్ళే బ్రూస్ హైవే మీదే. 2000 జూన్‌లో అక్కడ బ్యాక్‌ప్యాకర్ల హాస్టల్‌కి ఒకడు నిప్పు పెడితే 15 మంది పిల్లలు పోయారు. అలారాలు మోగలేదు. మన కిటికీ తెరుచుకుంటుందా, మంచం ఏమైనా తలుపుకి అడ్డంగా ఉందా అని చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. నేను ఇప్పటికీ ఏ హోటల్‌కి వెళ్ళినా అది చూడకుండా పడుకోను.

వంటగది దగ్గర నీకు బోలెడంత మిగులుతుంది. దాదాపు ప్రతి హాస్టల్లో గిన్నెలు, పొయ్యి, ఫ్రిజ్ ఉంటాయి. ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు మిగిలిన బియ్యం, నూనె, పాస్తా వదిలే అర ఒకటి ఉంటుంది, ముందు అది చూసి ఆ తర్వాత కొట్టుకి వెళ్ళు. ఫ్రిజ్‌లో పెట్టే ప్రతిదాని మీదా పేరు, వెళ్ళే తేదీ రాయి. రాయకపోతే శుభ్రం చేసేవాళ్ళు పారేస్తారు, నాది అరకిలో పెరుగు అలాగే పోయింది. కోల్స్, వూల్‌వర్త్స్ సూపర్‌మార్కెట్లలో చీకటి పడ్డాక వెళ్తే రొట్టె, కూరగాయల మీద రేటు తగ్గించిన స్టిక్కర్లు ఉంటాయి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనకు.

ఇంటి దగ్గర్నుంచి పోపు సామాను మోసుకురాకు. ఇక్కడ ఎయిర్‌పోర్ట్‌లో తిండి సామాను ఏదున్నా కార్డులో రాయాలి. రాస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా వేల డాలర్లలో ఉంటుంది, వీసా కూడా పోవచ్చు. ఆవాలు, ఎండుమిర్చి, పసుపు, కందిపొడి అన్నీ సిడ్నీలోనే హ్యారిస్ పార్క్‌లో దొరుకుతాయి, మనిద్దరం వెళ్ళి కొందాం. ఒకటే జాగ్రత్త: తాలింపులో ఎండుమిర్చి వేసేముందు ఫ్యాన్ వెయ్యి, కిటికీ తియ్యి. ఆ ఘాటుకి అలారం మోగి ఫైరింజన్ వచ్చిందంటే ఆ బిల్లు నీకే ఇస్తారు.

వంటకి రోజూ ఒకే వేళకి వెళ్ళు. నాకు మంచి స్నేహాలన్నీ అక్కడే దొరికాయి. ఒక సాయంత్రం ఎయిర్లీ బీచ్‌లో నేను చారు పెడుతుంటే పక్క పొయ్యి మీద జర్మనీ పిల్ల ఒకతె బంగాళాదుంపలు ఉడకేస్తోంది. జలుబుతో ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. గ్లాసుతో చారు పోసి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, ఆవిరి మొహానికి తగిలేలా వంగి, కళ్ళు మూసుకుని మొత్తం తాగేసింది. మర్నాడు విట్‌సండే దీవుల బోటులో నా పక్కనే కూర్చుంది, ఇప్పటికీ క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది.

ఇప్పుడు సముద్రం. ఇది రెండుసార్లు చదువు.

విశాఖలో పుట్టావు, సముద్రం నీకు కొత్త కాదనుకుంటావు. ఆర్కే బీచ్‌లో మోకాళ్ళ దాకా దిగి వచ్చేసేవాళ్ళం మనం. ఇక్కడ అందరూ ఈదుతారు, వాళ్ళని చూసి మనమూ లోపలికి వెళ్తాం. నేను వెళ్ళాను. రెండో వారంలో ఒక బీచ్‌లో లైఫ్‌గార్డులు కాపలా ఉండే ఎరుపు పసుపు జెండాల మధ్య జనం ఎక్కువగా ఉన్నారని పక్కకి వచ్చి దిగాను. రెండు వైపులా అలలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో కొంతమేర నీళ్ళు ముదురు రంగులో నున్నగా ఉన్నాయి. ఇక్కడ నెమ్మదిగా ఉంది కదా అని అందులోకే నడిచాను. నడుము లోతులో కాళ్ళ కింద ఇసుక జారింది. తల తిప్పితే ఒడ్డున నా పసుపు తువ్వాలు అరచేయంత కనబడింది. చేతులు నొప్పెట్టేలా ఈదాను. మళ్ళీ చూస్తే తువ్వాలు ఇంకా చిన్నదైంది. సర్ఫ్ బోర్డు మీద ఒక కుర్రాడు వచ్చి దాని అంచు పట్టుకోమన్నాడు కాబట్టి ఇవాళ నీకు రాస్తున్నాను.

ఆ నున్నటి చోటే రిప్, ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగి లోపలికి పోయే దారి. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకు. వెల్లకిలా తేలు, చెయ్యి పైకెత్తు, ఓపికుంటే అలలు విరుగుతున్న పక్కకి అడ్డంగా జరుగు. అసలు ఆ అవసరం రాకుండా జెండాల మధ్యే దిగు. జెండాలు లేని బీచ్‌లో పాదాలు తడుపుకుని వచ్చెయ్. ఎంత ఈత వచ్చినా సరే.

ఉత్తరాన నవంబర్ నుంచి మే దాకా విషపు జెల్లీ చేపలు ఉంటాయి. నీ ప్రయాణం అంతకుముందే అయిపోవాలి, ఆలస్యమైతే ఒళ్ళంతా కప్పే స్టింగర్ సూట్ వేసుకోకుండా దిగకు. రాక్‌హాంప్టన్ దగ్గర్నుంచీ ఏటి ఒడ్డున మొసళ్ళ బోర్డు కనబడితే ఫొటో కోసమైనా దగ్గరికి వెళ్ళకు. ఏ ఆపదకైనా నంబర్ 000.

ఖర్చుకి వెనకాడకూడని చోట్లు చెప్తాను. మొదటిది ఇన్సూరెన్స్. ఇక్కడి ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ నీకు వర్తించదు, అంబులెన్స్ ఎక్కితే దానికీ బిల్లు వస్తుంది. సర్ఫింగ్, డైవింగ్, స్కూటర్ కూడా పాలసీలో ఉన్నాయో లేదో చదివి తీసుకో. మా వార్డులో కాలు విరిగి చేరి, నొప్పి కన్నా బిల్లుకి ఎక్కువ ఏడ్చిన పిల్లల్ని చూశాను. రెండోది గ్రేట్ బ్యారియర్ రీఫ్. సముద్రంలో 2,300 కిలోమీటర్ల పొడవునా ఉన్న పగడపు దిబ్బలు అవి. కెయిర్న్స్ నుంచి ఒకరోజు బోటుకి రెండొందల డాలర్ల పైమాటే. అయినా వెళ్ళు, అక్కడిదాకా వచ్చి మానెయ్యకు. మూడోది ‘గారి’ (K'gari) అనే దీవి. ఫ్రేజర్ ఐలాండ్ అనేవారు, 2023లో అక్కడి ఆదివాసులైన బుచ్చుల్లా ప్రజల పేరే అధికారికంగా తిరిగి పెట్టారు. ప్రపంచంలోనే అతిపెద్ద ఇసుక దీవి. అక్కడ డింగోలు, అంటే అడవి కుక్కలు తిరుగుతాయి, ఒంటరిగా నడవకు, తిండి బయట పెట్టకు.

డబ్బు అయిపోతే బండబర్గ్, బోవెన్, టల్లీ దగ్గర తోటల్లో పని దొరుకుతుంది. పని చూపిస్తాం, ముందు అద్దె కట్టమని ఫోన్‌లో అడిగితే కట్టకు. వెళ్ళి చూశాక కట్టు. కోసిన బుట్టల లెక్కన జీతం ఇచ్చినా, గంటకు కనీస జీతం తప్పక ఇవ్వాలని 2022 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది. పేస్లిప్ అడుగు.

వచ్చిన వారం నా దగ్గరే ఉండు. ఆదివారం రైలెక్కి హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్దాం, 1985 నుంచీ ఉన్న గుడి. దర్శనం అయ్యాక దగ్గర్లోని బాల్డ్ హిల్ ఎక్కితే కింద తీరమంతా కనిపిస్తుంది. పులిహోర కట్టుకెళ్దాం. టికెట్ కొనగానే ఫ్లైట్ నంబర్ పంపు. లాకర్‌కి తాళం మాత్రం కొనకు. నేను తిరిగినప్పటిది బీరువాలో ఉంది, నిన్న నూనె వేసి చూశాను, బాగానే తిరుగుతోంది.

మీ పెద్దమ్మ