డ్యాలీ మెసెంజర్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?

ప్రశ్న: "మేం సిడ్నీలో ఉంటున్నాం. మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టుకు తొలినాటి రగ్బీ లీగ్ ఆటగాడు డ్యాలీ మెసెంజర్‌ను ఎంచుకున్నాడు. 'ఆయన పేరుకు మూలం ఏమిటి' అని ఒక పేజీ రాయాలట. పేర్ల సైట్లు చూస్తే ఒకటి ఆడపిల్లల పేరు అంటోంది, ఇంకోటి ఐరిష్ ఇంటిపేరు అంటోంది. అసలు పేరు హెర్బర్ట్ హెన్రీ అని మరోచోట ఉంది. ఏది నమ్మాలి? ఇలాంటివి ఎలా కనుక్కోవాలి?"

మీ అబ్బాయి చాలా మంచి పేరు పట్టుకున్నాడండీ. నేనూ పశ్చిమ సిడ్నీలోనే ఉంటాను. శనివారాలు మా ఏరియా లైబ్రరీలో కుటుంబ చరిత్రలు వెతుక్కునేవాళ్ళకు సాయంగా కూర్చుంటాను. ముత్తాత పేరు ఎక్కడిదో తెలుసుకోవాలని వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. దాదాపు అందరూ ముందు పేర్ల సైట్లో అర్థం చూసుకునే వస్తారు. నేను వాళ్ళను మొదట అడిగేది ఒక్కటే: ఆ పేరు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు? పేరుకు ఉన్న అర్థం వేరు, అది ఆ మనిషికి రావడానికి కారణం వేరు. డ్యాలీ విషయంలో ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆయన పెట్టుడు పేరు హెర్బర్ట్ హెన్రీ మెసెంజర్. 1883 ఏప్రిల్ 12న సిడ్నీలోని బాల్మెయిన్‌లో పుట్టాడు. పసివాడిగా ఉన్నప్పుడు బొజ్జ బాగా ముందుకు ఉండేదట. ఆ రోజుల్లో విలియం బీడ్ డ్యాలీ అనే రాజకీయ నాయకుడు ఉండేవాడు, భారీ మనిషి, పెద్ద పొట్ట. బొజ్జ చూసి పిల్లవాణ్ణి అందరూ 'డ్యాలీ' అన్నారు. అదే స్థిరపడిపోయింది. నాయకుడి ఇంటిపేరుకు ఇంగ్లీషులో చివర 'ఈ, వై' అని రెండక్షరాలు ఉంటాయి. మెసెంజర్ దగ్గరికి వచ్చేసరికి ఆ 'ఈ' జారిపోయింది. అంతే. ఆడపిల్లల పేరుకూ దీనికీ సంబంధం లేదు, ఐర్లాండ్ వంశాలతోనూ మెసెంజర్ కుటుంబానికి ఈ పేరు వల్ల ఏ చుట్టరికమూ లేదు.

ఇంటి ముద్దుపేర్ల వెనక చెప్పే కథలు చాలా వరకు తర్వాత అల్లినవే. అందుకే నేను కథ నచ్చిందని ఒప్పుకోను, తేదీలతో పక్కపక్కన పెట్టి చూస్తాను. ఇక్కడ తేదీలు చక్కగా కుదురుతాయి. విలియం బీడ్ డ్యాలీ 1831లో సిడ్నీలోనే పుట్టాడు, తల్లిదండ్రులిద్దరూ శిక్ష పడి ఓడలో ఇక్కడికి వచ్చిన ఖైదీలు. అలాంటి ఇంట్లోంచి వచ్చి లాయరయ్యాడు, న్యూ సౌత్ వేల్స్ అటార్నీ జనరల్ అయ్యాడు. 1885లో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివాడు) ఊళ్ళో లేని సమయంలో ఆ బాధ్యతలు చూస్తూ, బ్రిటిష్ వాళ్ళకు సాయంగా సూడాన్ యుద్ధానికి ఇక్కడి నుంచి సైన్యాన్ని పంపాడు. ఆ మార్చిలో సర్క్యులర్ కే రేవు నుంచి ఓడలు బయలుదేరుతుంటే చూడడానికి సిడ్నీ అంతా కదిలొచ్చింది. అప్పటికి మన హెర్బర్ట్‌కు ఇంకా రెండేళ్ళు నిండలేదు. బొజ్జ వేసుకుని తిరిగే వయసు, ఊరంతా ఒకే నాయకుడి పేరు. డ్యాలీ 1888లో చనిపోయాడు. హెర్బర్ట్ పదేళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే ఈ పేరు వచ్చేదే కాదు. మీ అబ్బాయి ప్రాజెక్టులో ఈ తేదీల లెక్క తప్పకుండా రాయించండి. పేరు మూలం చెప్పడం అంటే అదే.

హైడ్ పార్క్‌లో ఆ నాయకుడి విగ్రహం ఉంది. పిల్లవాణ్ణి తీసుకెళ్ళి చూపిస్తే ఒక ఫొటో కూడా వస్తుంది.

మన తెలుగువాళ్ళకు ఇది కొత్తేం కాదు. మా పెదనాన్న 1945లో పుట్టాడు. సర్టిఫికెట్లలో ఉన్నది తాతగారి పేరు, ఇంట్లోనూ ఊళ్ళోనూ మాత్రం బోసు. ఎవరో నాయకుడి ఇంటిపేరు మనింట్లో పిల్లవాడి పిలుపు పేరైంది. రేపు ఎవరైనా బెంగాలీ ఇంటిపేర్ల పుస్తకం తీసి మా పెదనాన్న మూలాలు బెంగాల్లో వెతికితే ఎంత పొరపాటో, డ్యాలీ మెసెంజర్ మూలాలు ఐర్లాండ్‌లో వెతకడం అంతే పొరపాటు.

ఇక హెర్బర్ట్ హెన్రీ. హెర్బర్ట్ పాత జర్మానిక్ పేరు, సైన్యం అనే మాట, ప్రకాశం అనే మాట కలిస్తే వచ్చింది. హెన్రీ కూడా అలాంటిదే, ఇల్లు, ఏలిక అనే మాటల కలయిక. ఈ ముక్క ఏ సైట్లోనైనా దొరుకుతుంది, తప్పు కాదు. కానీ 1883లో బాల్మెయిన్‌లో కొడుక్కి పేరు పెడుతున్న ఆనీ మెసెంజర్‌కు సైన్యం గుర్తొచ్చి ఉంటుందని నేను అనుకోను. హెర్బర్ట్ నార్మన్ల కాలంలో ఇంగ్లండ్‌కు వచ్చి, తర్వాత వాడుక తగ్గి, పందొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ ఫ్యాషన్ అయిన పేరు. హెన్రీ ఎప్పుడూ పోని రాజుల పేరు. ఆ కాలపు మామూలు ఇళ్ళల్లో మగపిల్లలకు ఎక్కువగా వినిపించిన పేర్లే రెండూ.

ఫ్యాషన్ ఎంత బలంగా పనిచేస్తుందో చూడాలంటే ఆనాటి రగ్బీ లీగ్‌లోనే ఒక తమాషా ఉంది. ఆల్బర్ట్‌లను లెక్కపెట్టండి. ఇంగ్లండ్‌లో హన్స్‌లెట్ క్లబ్ కెప్టెన్ ఆల్బర్ట్ గోల్డ్‌థోర్ప్, 1907-08 సీజన్లో నాలుగు కప్పులూ గెలిపించినవాడు. న్యూజీలాండ్‌లో 1907 పర్యటనను నడిపించిన ఆల్బర్ట్ బాస్కర్‌విల్. సిడ్నీలో పుట్టి ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ క్లబ్‌కు ఆడి, 1913-14 సీజన్లో 80 ట్రైలు (బంతిని గీత అవతల నేలకు ఆనించి సాధించే స్కోరు) చేసిన ఆల్బర్ట్ రోజెన్‌ఫెల్డ్. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నాలుగో ఆయన న్యూజీలాండ్‌లోని టౌరంగాలో పుట్టిన ఆల్బర్ట్ ఆషర్. మూడు దేశాలు, వేర్వేరు నేపథ్యాలు. రోజెన్‌ఫెల్డ్ యూదుడు, ఆషర్ తండ్రి యూదుడు, తల్లి మావోరీ, అంటే న్యూజీలాండ్ మూలవాసి. అయినా అందరికీ ఒకటే పేరు. విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ రాకముందు ఇంగ్లీషువాళ్ళలో ఈ పేరు చాలా అరుదు. ఆయన 1840లో రాణిని పెళ్ళి చేసుకుని 1861లో చనిపోయాక, సామ్రాజ్యం అంతటా ఇల్లిల్లూ ఆల్బర్టే. ఈ నలుగురూ ఆ తర్వాతి తరం పిల్లలు.

వీళ్ళలో ఆషర్ పేరు నాకు డ్యాలీ పేరుకన్నా ఇష్టం. మావోరీలో ఆయన అరపెట పౌరిని ఫరెపాపా. అరపెట అంటే ఆల్బర్ట్‌కు మావోరీ రూపమే. కానీ మైదానంలో జనం పిలిచింది 'ఓపాయ్' అని. ఓపాయ్ ఆ రోజుల్లో కంచెల మీదుగా దూకడంలో పేరు మోసిన ఒక పందెపు గుర్రం. ఈయన పట్టుకోవడానికి వచ్చిన ఆటగాళ్ళ మీదుగా దూకేసేవాడు. అందుకని గుర్రం పేరు మనిషికి వచ్చింది. 1908లో మావోరీ జట్టును ఆస్ట్రేలియాకు తీసుకొచ్చినవాడు ఈయనే. ప్రాజెక్టులో జాగా మిగిలితే డ్యాలీ పక్కన ఓపాయ్‌ను కూడా పెట్టించండి. ఒకరికి నాయకుడి పొట్ట వల్ల, ఇంకొకరికి గుర్రం దూకుడు వల్ల పేర్లు వచ్చాయి. పిల్లలు ఎప్పటికీ మర్చిపోరు.

ఇంటిపేరు మెసెంజర్ వృత్తి నుంచి వచ్చిన పాత ఫ్రెంచ్ మాట, వార్త మోసేవాడు అని. అయితే ఈ కుటుంబం బతికింది పడవల మీద. తాత జేమ్స్ మెసెంజర్ థేమ్స్ నది మీద స్కల్లింగ్ (రెండు తెడ్లతో ఒంటరిగా నడిపే పడవ పందెం) ఛాంపియన్, విక్టోరియా రాణి పడవలకు బార్జ్‌మాస్టర్, అంటే ఆ పడవల పెద్ద. తండ్రి చార్లెస్ ఏమస్ కూడా స్కల్లింగ్‌లో పేరున్నవాడు, పడవలు తయారుచేసేవాడు. డబుల్ బే ఒడ్డున వాళ్ళ పడవల షెడ్డు ఉండేది, డ్యాలీ పెరిగింది, పనిచేసింది అక్కడే.

ఆట గురించి కొంచెం రాయాలి కదా, క్లుప్తంగా చెప్తాను. ఇంగ్లండ్ ఉత్తరాన గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్ళకు శనివారం ఆడితే ఆ రోజు కూలి పోయేది. పోయిన కూలి చెల్లించడానికి రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు విడిపోయాయి. అదే రగ్బీ లీగ్ పుట్టుక. 1906లో జట్టును 15 మంది నుంచి 13 మందికి తగ్గించారు. 1907లో బాస్కర్‌విల్ న్యూజీలాండ్ నుంచి జట్టును తీసుకుని ఇంగ్లండ్ వెళ్తూ మధ్యలో సిడ్నీలో ఆగాడు. డబ్బు తీసుకుని ఆడుతున్నారని న్యూజీలాండ్ రగ్బీ జట్టుకున్న 'ఆల్ బ్లాక్స్' పేరును వంకరగా మార్చి పత్రికలు వాళ్ళను 'ఆల్ గోల్డ్స్' అని ఎగతాళి చేశాయి. ఆ ఎగతాళి పేరే ఇవాళ గౌరవంగా మిగిలింది. అప్పటికి సిడ్నీలో జనాన్ని గ్రౌండ్‌కు రప్పించే ఆటగాడు డ్యాలీ. కొత్త ఆట మొదలుపెడుతున్న జిల్టినన్, క్రికెటర్ విక్టర్ ట్రంపర్ ఆయన్ను ఒప్పించారు, వాళ్ళమ్మ సరే అన్నాకే ఆయన వచ్చాడని చెప్తారు. ఆయన ఆ న్యూజీలాండ్ జట్టుతోనే ఇంగ్లండ్ కూడా వెళ్ళాడు. పాత రగ్బీ సంఘం కోపంతో తన రికార్డుల్లోంచి ఆయన పేరే తీసేసింది, దాదాపు వందేళ్ళ తర్వాత మళ్ళీ చేర్చింది. 1911, 1912, 1913లో ఆయన క్లబ్ ఈస్టర్న్ సబర్బ్స్ వరుసగా మూడు ప్రీమియర్‌షిప్‌లు (సిడ్నీ లీగ్ టైటిళ్ళు) గెలిచింది ఆయన ఉండగానే. 1959లో గన్నెడాలో చనిపోయాడు.

ఇప్పుడు వెతకడం ఎలా అన్నది. మొదట న్యూ సౌత్ వేల్స్ జనన మరణ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పాత జననాల ఇండెక్స్ ఉంది, వెతకడం ఉచితం. అందులో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, జిల్లా కనిపిస్తాయి. ముద్దుపేరుతో వెతికితే ఏమీ రాదు, హెర్బర్ట్ అనే పెట్టాలి. సర్టిఫికెట్ కావాలంటే డబ్బు కట్టాలి, స్కూల్ ప్రాజెక్టుకు ఆ ఖర్చు అనవసరం.

రెండోది ట్రోవ్. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం పాత పత్రికలు ఎన్నో స్కాన్ చేసి అందులో ఉచితంగా పెట్టింది. కానీ ఈ మనిషి పేరుతో అక్కడ తలనొప్పి ఉంది. మెసెంజర్ అని కొడితే టెలిగ్రాములు మోసే కుర్రాళ్ళ వార్తలన్నీ వచ్చి పడతాయి. డ్యాలీ అని కొడితే ఇంకా ఘోరం. అరిగిపోయిన అచ్చులో 'డెయిలీ' అన్న మాటను కంప్యూటర్ చాలాసార్లు 'డ్యాలీ' అని చదువుతుంది, దాంతో డెయిలీ టెలిగ్రాఫ్ ప్రకటనలు కూడా వరుసకడతాయి. ఒకసారి లైబ్రరీలో ఒక పెద్దాయన పక్కన కూర్చుని ఇదే వెతికించాను. ఎడమ పక్క కంప్యూటర్ చదివిన అక్షరాలు, కుడి పక్క అసలు పేజీ బొమ్మ ఉంటాయి. కుడి పక్క పేజీలో పెద్దక్షరాలతో 'హెచ్. హెచ్. మెసెంజర్' అని స్పష్టంగా ఉంటే, ఎడమ పక్క రెండు 'హెచ్'లూ ఒక 'ఎం', ఒక 'ఐఐ' అయి కూర్చున్నాయి. అలాంటి తప్పుల్ని మనమే దిద్ది సేవ్ చేయొచ్చు. మేం దిద్దాం. మీ అబ్బాయి చేత కూడా ఒక్క లైను దిద్దించండి, తర్వాత వెతికేవాళ్ళకు పనికొస్తుంది.

ఆనాటి పత్రికలు మొదట్లో ఆటగాళ్ళను పొడి అక్షరాలతోనే రాసేవి. అందుకని సంవత్సరాన్ని 1905 నుంచి 1913 వరకు బిగించి, 'హెచ్ మెసెంజర్' అనీ 'డ్యాలీ మెసెంజర్' అనీ రెండూ కొటేషన్ గుర్తుల్లో పెట్టి వేరువేరుగా వెతకండి. పక్కన 'ఫుట్‌బాల్' అని కలపండి. 'ది రెఫరీ', 'ది ఆరో' అనే ఆటల పత్రికలు ఎంచుకుంటే ఇంకా తేలిక. వాలీ మెసెంజర్ కనిపిస్తే కంగారు పడొద్దు, ఆయన తమ్ముడు, ఆస్ట్రేలియాకు ఆడినవాడే. వాల్టర్‌ను పొట్టి చేస్తే వాలీ, అందులో ఏ కథా లేదు.

ఆస్ట్రేలియన్ డిక్షనరీ ఆఫ్ బయోగ్రఫీ కూడా నెట్‌లో ఉచితమే. అందులో ఆటగాడు డ్యాలీ మీదా, నాయకుడు డ్యాలీ మీదా వ్యాసాలు ఉన్నాయి. నా సలహా, పిల్లవాడు ముందు ఆ రెండూ చదవాలి, పేర్ల సైట్లు ఆఖర్న చూసినా చాలు.

ఇంకో ముక్క, దీన్ని ప్రాజెక్టులో వదలొద్దు. ఆ ముద్దుపేరు ఆయనతో ఆగలేదు. ఆయన కొడుక్కి పెట్టింది డ్యాలీ అనే పేరే, మనవడికీ అదే. మనవడు తన పేరు పక్కన 'మూడో' అని కూడా రాసుకుంటాడు, తాత జీవితచరిత్ర రాసింది ఆయనే. అంటే ఒకరి ఇంటిపేరు ఇంకొకరి ముద్దుపేరై, ఆయన పిల్లలకు అసలు పేరే అయిపోయింది. ప్రతి ఏటా ఎన్‌ఆర్‌ఎల్ (ఇక్కడి జాతీయ రగ్బీ లీగ్ పోటీ) సీజన్లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే 'డ్యాలీ ఎం' మెడల్లో ఆ 'ఎం' మెసెంజరే. ఆ రాత్రి టీవీలో ఓట్ల లెక్కింపు చూస్తూ మా పిల్లలు కూడా ఇదే అడిగారు.

హెడ్డింగ్ కింద పేరు ఇలా రాయించండి: హెర్బర్ట్ హెన్రీ మెసెంజర్, డ్యాలీ అనే పేరుతో ప్రసిద్ధుడు. దాని కింద రెండు గడులు గీసి, ఒకదాంట్లో పేరు అర్థం, రెండోదాంట్లో ఆ పేరు ఎవరిని చూసి, ఏ సంవత్సరాల్లో వచ్చిందో రాస్తే టీచరు అడిగిన పేజీ పూర్తయినట్టే. ట్రోవ్‌లో ఎక్కడైనా ఆగిపోతే ఏ మాటలతో వెతికారో ఇక్కడే రాయండి, నేను చూస్తాను.